గరమ్ గాలి

వాల్తేరులో పదేళ్లు రైలు ఏసీ పెట్టెల కింద దూరి పనిచేసిన ఫిట్టర్‌ని. ఖరగ్‌పూర్‌కు బదిలీ అయి నెల కాలేదు. ఇక్కడ ఎటు తిరిగినా మన తెలుగువాళ్లే కదా, హిందీ బంగ్లా నెమ్మదిగా వస్తాయిలే అనుకున్నాను. నా బద్ధకం తగలెయ్య!

మే నెల, మిట్టమధ్యాహ్నం. కలకత్తా వెళ్లే మెయిలు ఆగీ ఆగగానే ఏసీ పెట్టె అటెండెంటు సమూయేలు పరిగెత్తుకొచ్చాడు.

"తవిటయ్యా, లోపల కుంపటిలాగుంది. ఒళ్లు కాలిన పిల్ల ఉంది, బేగి రా!"

గణపతిరావు అనే ఆయన బరంపురం నుంచి కూతుర్ని కలకత్తా ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. రాధకి ఎనిమిదేళ్లు. మరిగే గంజి మీద పడిందట, మెడ నుంచి నడుము దాకా కట్లు. దుమ్ము తగలకూడదు, చల్లగా ఉంచాలి అన్నాడట డాక్టరు. అందుకే ఏసీ. ఆ పెట్టెకు అద్దాలు తెరుచుకోవు. పైనున్న జాలీలోంచి వేడిగాలి కొడుతోంది.

"సల్లగాలి ఎప్పుడొస్తాది మావా?" అంది రాధ.

"ఇప్పుడే తల్లీ," అన్నాను.

కిందికి దూరాను. బెల్టు బిగువుగానే ఉంది, ఫ్యాను తిరుగుతోంది. గ్యాసు తిరిగొచ్చే గొట్టం చల్లబడి చెమర్చాలి. పట్టుకుంటే పొడిగా ఉంది. గ్యాసు కనబడే గాజుబిళ్లలో బుడగలు. గ్యాసు కారిపోయింది. సబ్బునురగ పూస్తే ఒక అతుకు దగ్గర పొంగింది. నట్టు బిగించాను. ఇక గ్యాసు ఎక్కిస్తే చాలు. సిలిండరు గది తాళంచెవి తెలుగు రాని ఫోర్‌మన్ దగ్గర ఉంటుంది. బండి కదలడానికి పన్నెండు నిమిషాలుంది. ఆయన ముందే చెబితే ఇంకో పది నిమిషాలు ఆపుతారు.

పరిగెత్తాను.

"సాబ్! ఏసీ డబ్బా! గరమ్ గాలీ! బహుత్ గరమ్ గాలీ!"

"కౌన్ దియా?" ఆయన కుర్చీలోంచి లేచాడు.

ఏ పెట్టె అని అడుగుతున్నాడనుకున్నాను. "ఏసీ, సాబ్! చాబీ దో, చాబీ!"

"నహీ, తాలా మత్ లగావ్!" అంటూ ఫోనెత్తి రైల్వే పోలీసులను పిలిచాడు. నేను పెట్టెకు తాళం వేస్తానంటున్నానని ఆయన భయం. నేను తాళంచెవి కోసం చాబీ చాబీ అని మొత్తుకుంటుంటే, పాపం, భుజం తట్టి ఓదార్చాడు.

ఇద్దరు పోలీసులు వెళ్లి, బిడ్డ పక్కన కూర్చున్న గణపతిరావును పట్టుకుని, ఫిట్టర్‌ను తిట్టిందెవరని నిలదీశారట. అది విని సమూయేలు ఫోర్‌మన్ గదికి పరిగెత్తుకొచ్చాడు.

"హవా, దాదా! తెలుగులో గాలంటే హవా!" నా వైపు తిరిగాడు. "ఈళ్లకి గాలంటే తిట్టురా బాబూ!"

ఆయన అడిగింది ఎవరు తిట్టారని! పుట్టినప్పటి నుంచి వాడుతున్న మాట నా కొంప ముంచింది. ఫోర్‌మన్ మంచివాడు, తనే ఉరికి తాళం తీశాడు. బండి ఆపమని ఫోను చేస్తే, సిగ్నలు ఇచ్చేశామన్నారు. సిలిండరు ట్రాలీ ఎక్కేలోపు బండి కూత వేసింది.

కదులుతున్న పెట్టెలోకి దూకాను. ఎందుకో నాకే తెలియదు. చేతిలో స్పానరు తప్ప ఏమీ లేదు. గణపతిరావు చేతిలోని పేపరు తీసుకుని రాధకు విసరసాగాను. విసురుతున్నది ఆ వేడినే అని తెలుసు. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను.

"వచ్చిందా మావా?"

"వస్తాది తల్లీ."

నాలుగైదుసార్లు అడిగింది. అన్నిసార్లూ అదే అబద్ధం చెప్పాను. పాంస్కురా స్టేషను దాటాక కళ్లు మూసుకుంది. ఊపిరి ఆడుతూనే ఉంది. అడగడం మాత్రం మానేసింది.