కూజా మొక్క ఆకలి

కూతురిదంటూ ఆ ఇంట్లో ప్రాణంతో మిగిలింది ఒక్కటే, వంటింటి కిటికీ గట్టు మీది కూజా మొక్క. ఆకుల కొసలు తీగల్లా సాగి, వాటి చివర చిన్న కూజాల్లాంటి తిత్తులు వేలాడేవి. అరుదైన మొక్కలు పెంచే ఒక తోటలో, అద్దాల గదిలోని మొక్కలు చూసుకునే ఉద్యోగం కూతురిది. అక్కడినుంచే తెచ్చుకుంది. ఆసుపత్రికి వెళ్లేముందు, వాననీళ్లు పోస్తే చాలు, ఈగల్నీ దోమల్నీ పట్టుకుని దాని తిండి అదే చూసుకుంటుందని తల్లికి చెప్పింది.

తల్లి బతుకంతా హాస్టల్లో వంటమనిషి. ఎవరి కంచమైనా ఖాళీగా కనబడితే ఆమెకు ప్రాణం ఒప్పదు. చివరి రోజుల్లో కూతురు "చాలమ్మా" అని తల తిప్పుకున్నా, ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని బతిమాలి పెట్టేది. ఆ ముద్ద కడుపులో నిలిచేది కాదు.

మొక్క కుండీలో మట్టి కూడా లేదు, పిడికెడు ఎండు నాచు తప్ప. భార్య మొహంలో నవ్వు చూసి చాలా కాలమైందని భర్త ఒకరోజు, "నీ చేతికింద పస్తులున్నది ఇదొక్కటేనే," అన్నాడు. ఆమె నవ్వలేదు. మర్నాడే నాచు తీసిపారేసి, పశువుల ఎరువు కలిపిన నల్లమట్టి నింపింది. కూజాల్లో మాంసం ముక్కలు వేసింది.

ముందు ఆకులు నిగనిగలాడాయి. ఒళ్లు చేస్తోందని మురిసిపోయింది. కొత్త కూజా ఒక్కటీ రాలేదని గమనించలేదు. తర్వాత పాత కూజాలు కుళ్లాయి, ఆకులు నల్లబడ్డాయి. అప్పుడు ఎరువు ఇంకాస్త ఎక్కువ వేసింది.

కూతురితో పనిచేసిన అమ్మాయి పలకరించడానికి వచ్చి, కుండీ చూసి నిలబడిపోయింది. మొక్కను పైకి లాగితే వేళ్లు తడి దారాల్లా తెగి వచ్చాయి.

"ఇది సారంలేని నేలలో పుట్టే మొక్క పిన్నిగారూ. కూజా అంచున తేనె ఊరుతుంది. దానికోసం వాలిన ఈగ జారి లోపలి నీళ్లలో పడుతుంది. దాన్ని మొక్క మెల్లిగా కరిగించుకుంటుంది. అంతకంటే బలం పెడితే వేళ్లు మాడిపోతాయి."

"మీ దగ్గర దీని తల్లిమొక్క ఉంటుంది కదమ్మా?"

అది పోయిన చలికాలమే పోయిందనీ, అందుకే మిగిలిన ఒక్క పిలకనూ కూతురు ఇంటికి తెచ్చి కాపాడుకుందనీ ఆ అమ్మాయి నేల చూస్తూ చెప్పింది.

"నేను ఊరుకుని ఉంటే బతికేదా?"

"బతికేది పిన్నిగారూ."

ఆ పూట భర్తకు అన్నం పెట్టబోతూ ఆమె ఆగిపోయింది. పెళ్లయిన నాటినుంచి ఆయన్ను అడిగి వడ్డించింది లేదు.

"ఎంత పెట్టను?" అంది, గరిటె పట్టుకుని. "చాలనిపిస్తే చాలనండి. ఈసారి ఆపుతాను."

ఆయన కంచం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎంతైతే చాలో ఆయనకీ తెలియలేదు.