కంప్యూటర్లో మేమిద్దరం ఒక్కరమే

మూడు కళ్ళకు ఆపరేషన్ చేయించుకున్న ఆడమనిషిని చూడ్డానికి జోసఫిన్ మా ఇంటికి వచ్చింది.

జోసఫిన్ తెనాలి అమ్మాయి. మాలాగే దేశం దాటి వచ్చి, పామర్‌స్టన్ నార్త్‌లో ముసలివాళ్ళ ఇళ్ళకు సాయానికి మనుషుల్ని పంపే ఆఫీసులో పనిచేస్తుంది. చర్చిలో పాటలు పాడే గొంతు కాబట్టి గుమ్మంలోంచి పిలిస్తే వెనక పెరట్లో బట్టలారేస్తున్న నాకు వినపడింది.

"ఆంటీ! పేరిచర్ల ఆంటీ! ఉన్నారా?"

ఒకేసారి ఇద్దరం "ఆ" అన్నాం. మా అక్క వంటింట్లోంచి, నేను పెరట్లోంచి.

జోసఫిన్ లోపలికి వచ్చి నన్ను చూసింది, అక్కను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. చేతిలోని లాప్‌టాప్ బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది.

"మీలో పేరిచర్ల ఆంటీ ఎవరు?"

"ఇద్దరం" అంది అక్క. "ఇద్దరం అన్నదమ్ముల పెళ్ళాలం. ఇంటిపేరు తెచ్చుకున్నాం, మొగుళ్ళను పంపించేశాం. కాఫీ తాగుతావా?"

మా అక్క మాట తీరే అంత. ఆవిడ పేరు సీతారత్నం. నా పేరు సుభద్ర. ఆవిడ పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. ఆవిడ కూతురు నిరుపమ ఇక్కడి యూనివర్సిటీలో చదివి ఉద్యోగం సంపాదించి, ముందు తల్లిని, తర్వాత నన్ను రప్పించుకుంది. నాకు పిల్లల్లేరు కాబట్టి నిరుపమే నా కూతురు కూడా. తర్వాత దానికి వెల్లింగ్టన్‌లో ఒక కంప్యూటర్ కాంట్రాక్టు వచ్చింది. మమ్మల్ని కూడా రమ్మంది. అక్క ఒక్కసారి వెళ్ళి, హార్బర్ పక్కన నిలబడి, గాలికి కొంగు తలమీదికి ఎగిరి కప్పేస్తే, ఆ కొంగులోంచే "నేను రానే రాను" అని అరిచి వచ్చేసింది. అందుకని ఇక్కడే ఉండిపోయాం. జోసఫిన్ ఆఫీసు నుంచి వారానికోసారి ఒకమ్మాయి వచ్చి ఇల్లు ఊడ్చి, అక్కకు స్నానంలో సాయం చేసి వెళుతుంది. అక్కకు తుంటి నొప్పి. ఈ చలికాలంలో రెండుసార్లు పడింది కూడా.

జోసఫిన్ కాఫీ తాగి లాప్‌టాప్ తెరిచింది.

"ఆంటీ, కంగారు పడకండి" అంది.

ఆ మాట వినగానే నాకు కంగారు మొదలైంది. మంచి కబురు చెప్పేవాళ్ళెవరూ ఆ మాటతో మొదలుపెట్టరు.

"ఆసుపత్రి కంప్యూటరూ మా ఆఫీసు కంప్యూటరూ ఇన్నాళ్ళూ దేనికదే ఉండేవి. ఇప్పుడు రెండింటినీ కలిపారు. అక్కడి సంగతులు ఇక్కడ, ఇక్కడివి అక్కడ కనిపిస్తాయి. అది మీ ఇద్దర్నీ చూసి, ఒకే మనిషిని రెండుసార్లు రాశారనుకుంది. కలిపేసింది."

"కలిపేస్తే ఏమైంది?" అంది అక్క.

"మూడు కళ్ళ ఆపరేషన్లు, షుగరు, బీపీ, ఆయాసం, తుంటి, రెండుసార్లు పడటం. ఇన్ని జబ్బులున్న ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటోంది. ఇదీ ఇప్పుడు దాంట్లో ఉన్న కథ. దాన్ని చూసి మా పైవాళ్ళు ఆవిడ ఇంట్లో ఉండకూడదన్నారు. రెస్ట్ హోమ్‌లో, అదే ముసలివాళ్ళను ఉంచే చోట, ఒక మంచం అట్టిపెట్టారు. వచ్చే సోమవారం తీసుకెళ్ళాలని."

"ఒక మంచమా?" అన్నాను.

"ఒక మనిషే కదా ఆంటీ."

నేను కూర్చున్నాను. అక్క మాత్రం నవ్వి, "మూడో కన్ను ఎక్కడుందో చూసిపోదామని వచ్చావన్నమాట" అంది. నా కళ్ళు రెండూ అయిపోయాయి. ఆవిడకు ఒకటి అయింది, ఇంకొకటి కావాలి. అలా మూడు.

"నవ్వుతున్నారు గానీ, ఆ మూడు చూసి మీ రెండో కన్ను ఆపరేషన్ తీసేశారాంటీ. ఇంకా చెయ్యడానికి కన్నేదీ మిగల్లేదని."

అప్పుడు అక్క నవ్వు ఆగింది.

నిరుపమకు ఫోన్ చేశాం. శనివారం పొద్దున్నే కారులో వచ్చేసింది. జోసఫిన్ కూడా సెలవు రోజైనా వచ్చింది. నిరుపమ చెప్పులు విప్పుతూనే జోసఫిన్ లాప్‌టాప్‌లోకి తొంగిచూసింది. చూస్తూ చూస్తూ నుదురు పట్టుకుంది.

"పిన్నీ, ఈ రూల్ నేనే రాశాను."

"ఏ రూలే?"

"ఇద్దరు మనుషులా ఒక మనిషా అని తేల్చే రూల్. మా ప్రాజెక్ట్ అదేగా, ఈ కంప్యూటర్లు కలపడం." నిరుపమ సోఫాలో కూలబడింది. "మనవాళ్ళ పేర్లు ఇక్కడ ఆసుపత్రిలో ఒకలా రాస్తారు, ఇంకో ఆఫీసులో ఇంకోలా రాస్తారు. సగం రాసి సగం వదిలేస్తారు. ఒక్కరే నలుగురైపోతున్నారు, ఒకచోట తీసిన రక్తం రిపోర్టు ఇంకోచోట కనపడట్లేదు. పాపం మనవాళ్ళు ఇబ్బంది పడుతున్నారని, పేరు దగ్గర మరీ పట్టుబట్టకు అని కంప్యూటర్‌కి చెప్పాను. ఇంటిపేరు, అడ్రస్, పుట్టిన తేదీ కలిస్తే చాలు, ఒకళ్ళే అనుకో అన్నాను. మీటింగ్‌లో అందరూ మెచ్చుకున్నారు కూడా."

"పుట్టిన తేదీ!" అని జోసఫిన్ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "జులై ఒకటేనా?"

"జులై ఒకటే" అన్నాం మేమిద్దరం.

మేం పుట్టినప్పుడు తేదీలు ఎవరు రాసిపెట్టారు గనక? అక్క పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టింది, నేను ఆ తర్వాత ఎప్పుడో మినుములు కొట్టే రోజుల్లో. పాస్‌పోర్టులు చేయించేటప్పుడు భీమవరంలో ఏజెంటు ఈశ్వరరావుగారు మమ్మల్ని ఎగాదిగా చూసి, ఇద్దరికీ ఒకే సంవత్సరం, జులై ఒకటి వేసేశాడు. ఆయన అందరికీ అదే వేసేవాడు. గుర్తుంటుందని.

"మా అమ్మదీ జులై ఒకటే, మామయ్యదీ అంతే" అంది జోసఫిన్ కళ్ళు తుడుచుకుంటూ. "మా చర్చిలో ఆ రోజు కేకులు కట్ చెయ్యలేక చస్తాం."

"నేనూ ప్రతి ఏడూ ఇద్దరికీ ఒకే కేకు తెస్తున్నాను. అయినా నాకు తట్టలేదు చూడు" అంది నిరుపమ. "ఇక్కడ పుట్టినవాళ్ళు ఎవరైనా రాసి ఉంటే ఇలా అయ్యేది కాదు. వాళ్ళు పేరు కలవకపోతే అక్కడే ఆగిపోయేవాళ్ళు."

నాకు ఒక ఆలోచన వచ్చింది. "పోనీ, అలాగే ఉంచెయ్యవే" అన్నాను.

"ఏంటి?"

"ఒక్కళ్ళలాగే ఉంచెయ్యి. ఒక్క మనిషైతే ఎవరూ విడదీయలేరు కదా."

"పిన్నీ! ఒక్క మనిషికి ఒక్క మంచమే. రెండోవాళ్ళు ఏమవుతారు? పైగా నీ మందులు అమ్మకి ఇస్తారు, అమ్మవి నీకిస్తారు."

"ఇప్పుడు మాత్రం ఎవరివి ఎవరు మింగుతున్నామో" అంది అక్క.

నిరుపమ తన ఆఫీసులో ఎవరికో ఫోన్ చేసి చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. నా కళ్ళు రెండూ నాకు, అక్క కన్ను అక్కకు, ఆయాసం నాకు, తుంటి ఆవిడకు పంచిపెట్టించింది. ఆస్తి పంపకాల్లో కూడా మేం అంత మర్యాదగా పంచుకోలేదు. ఒక్క షుగరు దగ్గర మాత్రం ఇద్దరికీ చెరొకటి రాయించింది. అక్క కంటి ఆపరేషన్ మళ్ళీ వేయించింది. అయిపోయిందనుకుని నేను పకోడీలకు పిండి కలపబోయాను.

"ఇంకా ఒకటుంది ఆంటీ" అంది జోసఫిన్. ఈసారి నవ్వలేదు. "విడదీశాం గానీ, సీతారత్నం ఆంటీ దగ్గర మళ్ళీ ఒంటరి అనే చూపిస్తోంది. ఆవిడ తుంటి, ఆవిడ పడటాలు, ఆవిడ కన్ను ఆవిడకే ఉన్నాయిగా. మనిషి తోడు లేకపోతే మంచం ఆవిడకే."

"నా పేరు రాయి" అంది నిరుపమ.

"నువ్వు వెల్లింగ్టన్‌లో ఉంటావు. కంప్యూటర్ ఒప్పుకోదు. ఇదే ఇంట్లో ఉండే మనిషి కావాలి. ఆవిడకి ఏదైనా అయితే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎవరు చూసుకుంటారు అని ఒక్క పేరు. అది ఉంటే రెస్ట్ హోమ్ మాట ఎత్తరు."

అందరూ నావైపు చూశారు.

నేను పిండి గిన్నెలోనే చెయ్యి ఉంచి నిలబడ్డాను. పిల్లలు పలక మీద దిద్దుతుంటే చూసి, మా మామగారి పాత పేపర్లు కూడబలుక్కుని, ఎవరూ నేర్పకుండా నేను చదవడం నేర్చుకున్నాను. అందుకని మా ఇంటికి వచ్చిన కార్డు ముక్కలన్నీ నా చేతికే ఇచ్చేవారు. పైన "అశుభం" అని కనపడగానే చదవడం ఆపేసేదాన్ని, ఇంటిల్లిపాదీ నా మొహంలోకి చూసేవాళ్ళు. మా నాన్న పోయిన సంగతి నేనే చదివాను. మా బావగారిది నేనే. మా ఆయన సంగతి ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే, అప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పోయేవాళ్ళు పోతారు, కబురు మాత్రం నా చేతికే వస్తుంది. ఇక్కడికి వచ్చాక ఫోన్ మోగితే అక్కే ఎత్తుతుంది. అది నేను పెట్టుకున్న ఏర్పాటు.

"నా పేరు వద్దమ్మా" అన్నాను.

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"పోనీలేవే, దాన్నెందుకు ఇబ్బంది పెడతారు?" అంది అక్క, తల పక్కకి తిప్పుకుని. "నేను ఆ హోమ్‌కే పోతాను. అక్కడ రోజూ సాయంత్రం కేకు పెడతారట. టీవీ పెద్దదట. సుభద్ర ఆదివారాలు వచ్చి చూసిపోతుంది."

"ఆదివారాలా?" అన్నాను.

"రావా?"

"వచ్చి ఏం చెయ్యను? బస్సెక్కి రావడం, గంట కూర్చోవడం, మళ్ళీ వెళ్ళొస్తానక్కా అని చెప్పడం. వారం వారం చెప్పడం. నా వల్ల కాదు."

"మరి రాకు."

"నువ్వు కాఫీ లేకుండా పొద్దున్న కళ్ళు తెరవవు. అక్కడ నీకెవరు చేస్తారు?"

"టీ ఇస్తారు."

"టీయా!" నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ మోగుతుందేమోనన్న భయం ఉంది, నిజమే. కానీ ఆదివారం ఆదివారం ఆ మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపడం తల్చుకుంటే ఫోనే నయమనిపించింది. ఫోన్ ఎప్పుడో మోగుతుంది. చెయ్యి ఊపడం వారం వారం.

చెయ్యి కడుక్కుని జోసఫిన్ దగ్గరికి వెళ్ళాను.

"రాసుకో. సుభద్ర. పేరిచర్ల. ఈ ఇల్లే."

"ఫోన్ వస్తే మీరే ఎత్తాలాంటీ."

"ఎత్తుతాను. రాయి, నేను మనసు మార్చుకునేలోగా."

జోసఫిన్ టకటకా కొట్టింది. "చుట్టరికం ఏమని పెట్టను? ఇక్కడ భార్య, భర్త, కొడుకు, కూతురు, అక్కచెల్లెలు, స్నేహితురాలు ఉన్నాయి. తోడికోడలు లేదు."

"స్నేహితురాలు అని మాత్రం పెట్టకు" అంది అక్క. "పెళ్ళయిన ఏడు నా ఉప్పాడ చీర తీసుకుని ఇంతవరకూ తిరిగివ్వలేదు."

అక్కచెల్లెలు అని పెట్టింది. పకోడీలు కొంచెం మాడాయి గానీ అందరూ తిన్నారు.

అక్క కంటి ఆపరేషన్ రోజున జోసఫిన్ వాళ్ళ ఆఫీసు కారు వచ్చి ఆవిడను తీసుకెళ్ళింది. నేనూ వస్తానంటే, "నువ్వొచ్చి నా పక్కన వణుకుతూ కూర్చుంటే డాక్టరుకి చెయ్యి వణుకుతుంది. ఇంట్లో ఉండు" అని కారు తలుపేసుకుంది. నేను కాసేపు పేపరు పట్టుకున్నాను. ఒక్క అక్షరం లోపలికి పోలేదు.

ఫోన్ మోగింది.

అలవాటు కొద్దీ వంటింటివైపు చూశాను. ఎవరూ లేరు. ఇంకో రెండుసార్లు మోగనిచ్చి ఎత్తాను.

"సుభద్రగారా? సీతారత్నంగారి తరఫు మనిషి మీరేనా?" అని ఆసుపత్రి నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో అడిగింది.

అవునన్నాను. ఆవిడకు వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా అన్నాను.

"ఒక్క నిమిషం ఆగండి" అందావిడ.

ఆ తర్వాత ఏమీ లేదు. ఎక్కడో చక్రాల బండి తోస్తున్న చప్పుడు, ఎవరివో అడుగులు. నేను గోడకు ఆనుకున్నాను. నిరుపమకు ఎలా చెప్పాలి, ముందు ఏ మాట అనాలి అని అప్పుడే వెతుక్కుంటున్నాను.

"ఏమే!" అంది ఫోన్లో అక్క గొంతు. "ఈవిడ ఎవరికైనా చెప్పాలా అంది, నీ పేరు చూపించింది. పెరుగు బల్ల మీదే వదిలేశాను. ఫ్రిజ్‌లో పెట్టు."

"కన్నో?"

"కన్నుకేం, కట్టు కట్టారు. ముందు పెరుగు చూడు, పులిసిపోతుంది. అన్నట్టు, ఇక్కడ టీ ఇచ్చారే."

"ఎలా ఉంది?"

"నువ్వు త్వరగా కాఫీ పెట్టు, వచ్చేస్తున్నాను" అని పెట్టేసింది.

నేను గోడకు ఆనుకునే ఇంకాసేపు నిలబడి, వెళ్ళి పెరుగు ఫ్రిజ్‌లో పెట్టి, పాలు పొయ్యి మీద పెట్టాను.