చెడురక్తం

యల్లమంద నోట్లోంచి నిజం బయటికి వచ్చేసరికి దానికి నాలుగు కాళ్లూ ఒక తోకా మొలిచేవి. నల్లమలలో ఎలుగుబంటి తన చుట్టకు నిప్పందించిందని పుల్లలచెరువులో సగంమందిని నమ్మించిన ఘనుడు. అలాంటివాడు ఆ మధ్యాహ్నం ఆరిన చుట్ట చేతిలో పట్టుకుని పురిటిగది బయట కూర్చున్నాడు.

లోపల కూతురు ప్రసన్నకు నాలుగో కాన్పు. ఆటో వచ్చేలోపే నొప్పులు తోసుకొచ్చి మగబిడ్డ పుట్టేశాడు. మాయ కూడా పడింది. కానీ భార్య మస్తానమ్మ తడిసిన పాతచీర ఒకటి తెచ్చి దొడ్లో పడేసింది. కాసేపటికి ఇంకొకటి. మూడోదాన్నుంచి నెత్తురు చుక్కలు కారుతున్నాయి.

"ఏందే అది, ఆగదా?"

"చెడురక్తం. పోవాల. నిలిస్తే పిల్లకే చేటు. మగోనివి, నీకెందుకియ్యన్నీ?"

మంచిదాన్ని ఆపి చెడ్డదాన్నే వదిలే జల్లెడ కడుపులో ఉందా అని మరో రోజైతే ఎకసెక్కమాడేవాడు. ఇవాళ ఆశా కార్యకర్త రేచల్‌కు ఫోన్ చేశాడు.

"అమ్మా, ప్రసన్న కానింది. రక్తం ఆగట్లేదు."

"ఏంది మామా, కృష్ణమ్మ మాదిరి పారుతాందా?" నవ్వింది రేచల్.

"కత కాదమ్మా. మూడు చీరలు తడిసినాయి. తలుపు సందులోంచి చూశా, పెదాలు తెల్లబడినాయి. నీళ్లు నీళ్లంటాంది."

అవతల నవ్వు ఆగిపోయింది. "నాలుగో కాన్పు, ముందే రక్తం తక్కువ. నేనిచ్చిన ఐరన్ మాత్రలు మింగిందా?"

"బిడ్డ లావైతాడని మీ మస్తానమ్మత్తే మాన్పించింది."

"108కి నేను చెప్తా. అది వచ్చేదాకా బొడ్డు కింద గట్టిగా రుద్దతానే ఉండాల. లోపల గర్భసంచి రాయి మాదిరి కావాల. బిడ్డను రొమ్ముకు పట్టించండి, దానికీ గట్టిపడతాది."

పురిటిస్నానం అయ్యేదాకా మగవాళ్లు తొక్కని గడప అది. యల్లమంద దాటబోతే మస్తానమ్మ అడ్డం నిలబడింది.

"ఊరు నవ్వతాది."

"నవ్వనీ. ఆ నవ్వు వినేదానికి పిల్ల ఉండాల గదా. నువ్వు రుద్దుతావా, నేను రుద్దాల్నా?"

ఆమె కూర్చుని కూతురి పొట్టమీద చెయ్యి పెట్టింది. నానిన పిండిముద్దలా మెత్తగా ఉంది. రుద్దితే గట్టిపడుతోంది, చెయ్యి తీస్తే మళ్లీ మెత్తబడుతోంది. మస్తానమ్మ ఇక చెయ్యి తియ్యలేదు.

"నాయనా, కళ్లు తిరగతాండాయి."

"తిరగనీలే తల్లీ. మూయబాకు. నా తట్టే చూడు," అన్నాడు యల్లమంద గడప మీంచే.

108 వచ్చింది. అందులో వచ్చిన అమ్మాయి సూది వేసి, సెలైన్ పెట్టి, చీర ఎత్తి చూసింది. "ధార తగ్గింది. ఆగలేదు. మార్కాపురంలో రక్తం ఎక్కించాల. తోడు ఒక్కరే ఎక్కండి."

"బతుకుతాదా అమ్మా?"

"ముందు చేరనీ తాతా."

బిడ్డను తల్లి రొమ్ముమీదే చుట్టి స్ట్రెచర్ లేపారు. పక్కనే వంగి నడుస్తూ మస్తానమ్మ కూడా బండెక్కింది.

"నేను చూసుకుంటా, చెయ్యి తియ్యి అవ్వా," అంది ఆ అమ్మాయి.

"నువ్వు సెలైను చూసుకో తల్లీ. తీస్తే మళ్లా మెత్తబడతాది," అంటూ మస్తానమ్మ రుద్దుతూనే ఉంది.

యల్లమంద బయటినుంచి బండి తలుపు వేశాడు.