తెర మీది కాగితం

సోమవారం పొద్దున వినికిడి పరీక్షల గది తలుపు తీసేసరికి మిరపకాయ మేడమ్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ పేరు ఆసుపత్రి వాళ్లు చాటుగా పెట్టుకున్నది. పదిహేనేళ్లుగా పిల్లల చెవులు పరీక్షిస్తున్న ఆ మనిషికి ఆ సంగతి తెలుసు. తెలిసినా నోరు మార్చుకోలేదు.

బల్ల మీద పాత కంప్యూటరు తెర అలాగే ఉంది. దాని మీద శనివారం తను అంటించిన కాగితమూ ఉంది: "దీన్ని ముట్టుకోవద్దు." పాపం, ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం ఆసుపత్రిలో కంప్యూటరు డబ్బాలన్నీ మార్చేశారు, బల్ల కింద పాత డబ్బా మాత్రం మాయమైంది. దాని చోట కొత్త డబ్బా నిగనిగలాడుతోంది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది పైకే. పిల్లల వినికిడి పటాలన్నీ ఉండేది డబ్బాలోనని ఆమెకి తెలియక కాదు. రోజూ ముఖం చూసేది తెరనే కాబట్టి, అంటించేటప్పుడు చెయ్యి అటే పోయింది.

రేపు ఇస్త్రీ ఆవిడ కూతురి సంగతి తేలాలి. తొమ్మిదేళ్ల పిల్ల. వినికిడి ఏటేటా ఎలా తగ్గుతూ వచ్చిందో ఐదేళ్ల పటాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప పెద్ద డాక్టరు చెవి ఆపరేషనుకి ఒప్పుకోడు. ఆ పటాలేమో కొత్త కంప్యూటర్లో తెరుచుకోవు. ఈ ముక్క ఆమె మూడుసార్లు రాసిచ్చింది.

వెనక స్టోరు గదికి ఒక్క పరుగున వెళ్లింది. నలభై డబ్బాలు, అన్నీ ఒక్క తీరే. తనదాన్ని గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఫ్యాను గురగురమన్నప్పుడల్లా తను తన్నగా తన్నగా దాని పక్కన పెద్ద సొట్ట పడింది. ఇప్పుడు మూత ఊడదీసి ఉంది, లోపల డిస్కు లేదు.

పక్కనే ఉన్న మెకానిక్ డ్రిల్లు ఆపాడు. "డిస్కులన్నిటికీ చిల్లులు పెట్టేశానమ్మా. రోగుల వివరాలు బయటికి పోకూడదని ఆఫీసరుగారి ఆర్డరు. మీ గదిదే బోణీ."

ఆఫీసరు గదిలోకి ఆమె తలుపు తట్టకుండానే వెళ్లింది. ఆయన కొత్త కంప్యూటరు ముందు కూర్చుని పొద్దుటి టీ తాగుతున్నాడు.

"కాపీ తీసుకోమని కాగితం పంపాం కదమ్మా."

"కాపీ చేసినా తెరుచుకోవని మూడుసార్లు రాశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది! ఆ సామెత నా గదిలో ఎవర్నీ అననివ్వను సార్. ఇవాళ నేనే అంటున్నా. నా పిల్లలకి వినపడక వినరు, మీరు వినపడీ వినరు!"

"పాత సామాను మీద అంత ప్రేమేంటమ్మా?" అన్నాడాయన, నవ్వబోయి మానేసి.

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే కోపం చల్లారిపోతుందని ఏడవకుండా తిరిగొచ్చేసింది.

గది ముందు ఇస్త్రీ ఆవిడ కూతుర్ని పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల తల పక్కకి తిప్పి, కాస్త వినపడే చెవిని మేడమ్ వైపు పెట్టింది. అది చూడలేక ఆమె ఉన్నమాట చెప్పేసింది. పటాలు పోయాయి, తప్పు తనదీ, ఆసుపత్రిదీ.

తల్లి అంతా విని, సంచిలోంచి ఒక అట్ట తీసింది. అట్ట మధ్య ఐదేళ్ల పటాల అచ్చు కాగితాలు, ఒక్క మడతా లేకుండా.

"నలిపి తెచ్చానని ఒకసారి ఎంత తిట్టారో గుర్తుందా అమ్మా? అప్పట్నుంచి ఇస్త్రీ చేసి దాస్తున్నా."

మిరపకాయ మేడమ్ వాటిని గుండెకి హత్తుకుంది. ప్రాణం లేచొచ్చింది. కానీ ఊపిరి పీల్చుకునేలోపే గోడ పక్క బీరువాలోని రిజిస్టరు గుర్తొచ్చింది. అందులో మూడు వందల పన్నెండు మంది పిల్లలు. అందరు తల్లులూ తన తిట్లు ఇంత శ్రద్ధగా విని ఉంటారా?

రిజిస్టరు తీసుకెళ్లి ఆఫీసరు టీ కప్పు పక్కన దభీమని పడేసింది.

"తెర మీద అంటించిన తెలివి నాది, చిల్లు పొడిపించిన తెలివి మీది. సగం మీరు చెయ్యండి, సగం నేను చేస్తా. మీ పిల్ల పటాలు మేమే పాడుచేశాం, కాగితాలేమైనా దాచారా అని అడగండి."

"నేనా? గుమాస్తా చేత..."

ఆమె అప్పటికే మొదటి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను ఆయన ముందుకి తోసింది.

"హలో? ఆసుపత్రి నుంచా?" అవతల ఒక తల్లి గొంతు ఆదుర్దాగా పలికింది. "ఆపరేషనుకి పిలుస్తున్నారా సార్?"

ఆఫీసరు ఫోనుని తిరిగి ఆమె వైపు జరపబోయాడు.

"చెప్పండి," అంది మిరపకాయ మేడమ్. "ఆవిడ వింటోంది."