వలిసెపూల సీజన్

అరకులో వలిసెపూలు పూస్తే లోయంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుందని తాయారు పెళ్ళైన కొత్తలో ఏదో వారపత్రికలో చదివింది. సరిగ్గా ఆ పూలు పూసే రోజుల్లోనే జగ్గయ్యపేటలో ఆమె భర్త రామకోటేశ్వరరావు కొట్టుకు సరుకు దిగుతుంది. అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే మాట: "సీజన్ అవనీయ్ తాయారూ."

అపరాలూ నూనెగింజలూ అమ్మే ఇంట్లో సీజన్ అంటే కొట్టుదే. కొండలకూ ఒకటుంటుందని తాయారు చెప్పకపోలేదు. కాటా చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

చివరికి షుగరు ఆయన కళ్ళను తినేసింది. వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. కొట్టు మూతపడింది. మాఘమాసంలో ఒకరోజు తనే అన్నాడు: "ఇక మనకు సీజన్ లేదుగా. అరకు పోదాం పద."

కొండరైలు సొరంగంలో దూరినప్పుడల్లా కుర్రాళ్ళు కేకలు పెట్టారు. "ఇదొక్కటీ మీ అందరితో సమానంగా చూస్తున్నా," అన్నాడాయన. తాయారు నవ్వి, కిటికీ వైపు తిరిగింది.

బొర్రా గుహల్లో శివలింగం లాంటి రాయిని తడిమి చూశాడు. "తడిగానే ఉందే. పూజారి లేకపోయినా అభిషేకం ఆగలేదన్నమాట." థింసా ఆడే ఆడవాళ్ళ అడుగులకు మోకాలి మీద తాళం వేశాడు.

మర్నాడు పొలాల దగ్గర ఆటో ఆగింది. పూలు లేవు. కోతలు అయిపోయి, పొలంలో మోళ్ళూ, గట్టున కోయకుండా వదిలేసిన నాలుగు ఎండు మొక్కలూ మిగిలాయి.

"సీజన్..." అని ఆటో అతను మొదలుపెట్టాడు. తాయారు పెదాల మీద వేలు పెట్టి ఆపేసింది. ఆ మాట ఆమె చాలాసార్లు విన్నదే.

"పూశాయా?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"కనుచూపు మేరా పసుపేనండీ. మన మార్కెట్ యార్డంతా ఆరబోసినట్టుంది."

ఆయన దిగి గట్టు వైపు చెయ్యి చాచాడు. తాయారు ఆపేలోపే చేతికో ఎండిన కాయ తగిలింది. నలిపాడు, పొట్టు ఊదాడు, అలవాటుగా ఓ వలిసె గింజ పంటి కింద వేసుకున్నాడు. జీవితమంతా గింజలు చూసిన వేళ్ళు. తాయారు దొరికిపోయిన దొంగలా నిలబడింది.

గింజ నమిలి మింగి ఆయన అడిగాడు. "ఎందాకా ఉన్నాయే పూలు?"

"ఆ... ఆ కొండ దాకా."

"మరి నన్ను వాటి మధ్యలో నిలబెట్టి ఓ ఫొటో తియ్యి."

తీసింది. మిగిలిన గింజలను ఆయన చొక్కా జేబులో వేసుకోవడమూ చూసింది.

తిరుగు రైల్లో ఆయన మెల్లగా అన్నాడు. "ఈసారి కొండల సీజన్లో వద్దాంలే తాయారూ."

సొరంగం వచ్చింది. ఆ చీకట్లో తాయారు కళ్ళు తుడుచుకుంది, అలవాటు కొద్దీ, ఆయనకు కనపడకుండా.