దొర ఇచ్చిపోయిన సీసా

వేప్పనపల్లి సంత ముగిసింది. ఖాళీ గంపలు నెత్తిన పెట్టుకొని జనం ఊళ్లకు మళ్లుతున్నారు. దారి పక్క మామిడితోపు అంచున, గుడిసె వాకిట్లో ఆంజప్ప కూర్చొని ఉన్నాడు. పోయేవాళ్లందరూ తెలిసినవాళ్లే. "ఏమప్పా, బాగుండావా?" అని నడుస్తూనే అడిగి, జవాబు వినకముందే దాటిపోతున్నారు. "బాగుండానప్పా" అని ఆంజప్ప వాళ్ల వీపులకు చెబుతున్నాడు.

ఇందులో తప్పేముంది, ఎవరి తొందర వారిది అని పాఠకులు అనవచ్చు. నిజమే. కాని భార్య అంజనమ్మ పోయినప్పటినుంచి ఆ గుడిసె ముందు ఒక్కరైనా కూర్చొని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. పిల్లలు లేరు. తోపుకు కాపలా కాయడం, ఇంత సంగటి కెలుక్కొని తినడం, పడుకోవడం. నోరు విప్పే పని లేకుండానే కొన్ని దినాలు గడిచిపోయేవి.

వయసులో ఉండగా ఆంజప్ప హోసూరులో ఒక తెల్లదొర దగ్గర గుర్రాలు చూసుకొనేవాడు. స్వతంత్రం వచ్చి, దొర తన దేశానికి పోతూ ఒక విస్కీ సీసా చేతిలో పెట్టి భుజం తట్టాడు. ఆంజప్పకు తాగుడంటే గిట్టదు. ఆ దొరే ఒకనాడు మైకంలో ఒక ఆడగుర్రాన్ని కంటిమీద కొరడాతో కొట్టాడు. ఆ కంటిని కడిగి, దాని మెడ పట్టుకొని ఏడ్చినవాడు ఆంజప్ప. అయినా ఇచ్చినదాన్ని కాదనలేక తెచ్చి, పెట్టె అడుగున కంబళిలో చుట్టి పెట్టాడు. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం. సీసా ఇంట్లో ఉండటమే నేరం. పారబోయాలని ఎన్నోసార్లు అనుకున్నాడు, మరిచిపోయాడు. అలా పదేళ్లు దాటాయి.

ఆ యేడు వానలకు ముందు గుడిసెకు కొత్త గడ్డి కప్పించాడు. సామాను బయట పెట్టినప్పుడు కూలివాడొకడు కంబళి విప్పి చూశాడు. మరునాటికి ఊరంతా తెలిసిపోయింది.

మొదట తోపు యజమాని వరదప్ప వచ్చాడు. ఏనాడూ గుడిసె గడప తొక్కనివాడు మంచం మీద కూర్చొని, "ఒంటిగా ఎట్లుండావో ఏమో, ఆంజప్పా! మా యింటికి రాకూడదా?" అన్నాడు. కాసేపు నసిగి అసలు మాటకు వచ్చాడు. "నీకాడ దొర సరుకు ఉందంట గదా. మా వాని పెండ్లికి పెద్దపెద్దోళ్లు వస్తారు. అది నాకియ్యి."

"చూద్దాంలేప్పా" అన్నాడు ఆంజప్ప.

తరువాత మోకాలి నొప్పికి మందని ఒకడు, పాత స్నేహమని ఒకడు వచ్చారు. ఒకడు పనసపండు మోసుకొచ్చాడు. ప్రతివాడికీ ఆంజప్ప అదే జవాబు చెప్పాడు. వాళ్లు ఎందుకు వస్తున్నారో తెలియనంత అమాయకుడు కాడు. ఇస్తే ఒక్కడికే ఇవ్వాలి, మిగతావాళ్లు రారు. ఇవ్వకుంటే అందరూ వస్తారు. అందుకే ఆ సీసా పెట్టెలోనే ఉండిపోయింది.

అందరిలోకి కమ్మరి నాగేశప్ప రావడం ఆంజప్పకు ఎక్కువ ఇష్టం. నాగేశప్ప దొంగసారాయి తాగి పట్టుబడి, కృష్ణగిరిలో జైలుకు పోయివచ్చి, ఇక తాగనని ఒట్టు పెట్టుకున్నవాడు. పొద్దు వాలగానే వచ్చేవాడు. హోసూరు గుర్రాల కథలన్నీ ఊకొడుతూ వినేవాడు. అతనికోసం ఆంజప్ప సంగటి ఒక ముద్ద ఎక్కువే కెలికేవాడు. మాట్లాడుతున్నంతసేపూ అతని చూపు గుడిసెలోని పెట్టె మీదికి పోతూ ఉండేది. ఆంజప్ప అది చూసీ చూడనట్టు ఉండేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం నాగేశప్ప భార్య చెన్నమ్మ వచ్చింది. లోపలికి రాలేదు, కూర్చోలేదు.

"అన్నా, ఆ సీసా పారబొయ్యన్నా. ఆయన కండ్లారా చూసేటట్టు పారబొయ్యి."

"నేనేం ఇయ్యలేదమ్మా ఆయనకు."

"ఇయ్యలేదు. ఇయ్యనని కూడా చెప్పలేదు గదా! ఈ పొద్దు ఇస్తాడేమో, రేపు ఇస్తాడేమో అని ఆయనకు నిద్ర లేదు. కొలిమికాడ సుత్తి దెబ్బలు తప్పుతా ఉండాయి. నీకు మాట్లాడేదానికి మనిషి కావాల. నాకు నా మొగుడు కావాలన్నా."

ఆంజప్ప తల దించుకున్నాడు. తాను ఎవరికీ చుక్క పోయలేదనే ధైర్యం అంతవరకు అతనికి ఉండేది. ఆశ చూపించి ఒక మనిషిని దగ్గర కట్టేసుకున్నానని ఆ క్షణాన తెలిసింది. కాని ఆ సీసా పోతే మళ్లీ ఆ ఖాళీ వాకిలే. అయినా, "పారబోస్తానమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం నాగేశప్ప వచ్చి కూర్చోగానే ఆంజప్ప సీసా తెచ్చాడు. నాగేశప్ప కళ్లు మెరిశాయి. ఆంజప్ప మూత తిప్పి, పేడదిబ్బ మీద వంచాడు. ఘాటైన వాసన గుప్పుమంది. నాగేశప్ప కూర్చున్నచోటే ముందుకు వంగాడు. చివరి చుక్కదాకా అట్లాగే చూసి, లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు.

"ఇంక నాకు ఈడేం పని?" అని వెళ్లిపోయాడు.

మరునాటినుంచి ఎవరూ రాలేదు. వరదప్ప తోపుకు వచ్చినా పలకరించకుండా పోయాడు. ఆంజప్ప అలవాటుకొద్దీ సంగటి ఎక్కువ కెలికి, మిగిలింది కుక్కకు వేశాడు.

ఒక సాయంత్రం ముద్ద చేతిలో పట్టుకొని ఆగిపోయాడు. ఈ వేళకు నాగేశప్ప ఏం చేస్తుంటాడు? పాత తాగుడు నేస్తాలు పిరికివాడని నవ్వుతారు. మంచివాళ్లు జైలుకు పోయొచ్చినవాడని గడప ఎక్కనివ్వరు. ఆరిన కొలిమి ముందు అతనూ తనలాగే ఒక్కడే కూర్చొని ఉంటాడు. 'ఎవరైనా రాకపోతారా అని నేను దారి చూస్తానే ఉండాను. నేనెప్పుడైనా ఒకరింటికి పోయినానా?' అనుకున్నాడు. చెయ్యి కడుక్కొని లేచాడు.

నాగేశప్ప వాకిట్లో తుండు భుజాన వేసుకొని బయలుదేరుతున్నాడు. చెన్నమ్మ వాకిలికి అడ్డంగా నిలబడి ఏడుస్తోంది. దొంగసారాయి కాచే వాగువంకవైపే ఆ పయనం.

"యాడికప్పా?" అన్నాడు ఆంజప్ప.

"ఉన్నది పారబోసినావు. ఇంకేం తెచ్చినావని వచ్చినావు?"

"ఏమీ తేలేదు. నీకాడ కూసుందామని వచ్చినాను."

అడగకుండానే అరుగుమీద కూర్చున్నాడు. నాగేశప్ప దారివైపు చూశాడు, అతనివైపు చూశాడు. పెద్దవాడు ఇంటికి వచ్చి కూర్చుంటే వదిలిపోవడం ఎట్లా? విసుగ్గానే పక్కన కూలబడ్డాడు. లోపల చెన్నమ్మ దీపం పెట్టింది. తరువాత నాగేశప్పే, బొగ్గు తడిసిపోయిందని ఏదో అన్నాడు. ఆంజప్ప విన్నాడు. ఈసారి అతను తన కథలేవీ చెప్పలేదు.

మరునాడూ వెళ్లాడు. ఆ మరునాడూ వెళ్లాడు. మధ్యలో ఒకసారి నాగేశప్ప అందరి కళ్లుగప్పి వంకకు పోయి తాగి వచ్చాడు. మరునాటి సాయంత్రం సిగ్గుతో ముఖం చాటేసినా, ఆంజప్ప వచ్చి అదే అరుగుమీద కూర్చున్నాడు. తిట్టలేదు. ఆ తరువాత నాగేశప్ప వంకవైపు పోలేదు.

దారిలో వరదప్ప ఎదురై ఎగతాళి చేశాడు. "ఏమప్పా, దినామూ ఆ తాగుబోతింట్లో నీకేం పని?"

"చట్టం సారాయి అంగళ్లు మూసిందప్పా" అన్నాడు ఆంజప్ప. "అంతకు మించి దానికి చేతకాదు. మనిషి ఇంటికొచ్చి దీపాలవేళ కూసునేది చట్టమా? తాగినప్పుడు తిట్టేదానికి ఊరంతా వచ్చింది. మానినాక ఒక్కరూ రాలేదు. మానమని చెప్పేది ఎవురైనా చెప్తారప్పా. మానినోని పక్కన పోయి కూసునేదే మన పని."