సేమియా డబ్బా అడుగున సముద్రం

సుబేదారి మూల మీద పూలమ్మ రోజూ పొద్దున్నే టబ్బు కడిగి, నీళ్లు నింపి, సముద్రం దిక్కు నుంచి ఐసుల వచ్చిన చేపల్ని అందుల ఏస్తది. ఆమె చేతితోటి ఏసిన చేప నీళ్లల పడంగనే, అది పెరిగిన తావు టబ్బు అడుగున కనవడ్తది. ఇసుక, గవ్వలు, పక్కకు నడిచే పీతలు, బొక్కలకెళ్లి తలకాయ బయటవెట్టే పురుగులు. జనం వంగి చూస్తరు. అడుగు బాగుంటె కొంటరు, లేకపోతే పక్క బండికి పోతరు. పుచ్చకాయను తట్టి చూసుకున్నట్టే అన్నమాట.

పూలమ్మకు ఒక్కడే తమ్ముడు, హరికృష్ణ. తల్లి పోయినంక ఆమెనే సాదింది. పత్తి చేను ఇడిసిపెట్టి సముద్రం కాడికి పోయిండు, వలల పంజరాలల్ల పండుగప్ప చేపలు పెంచుతాండు. పత్తిల కంది సాళ్లు పెట్టిన చెయ్యి ఊకుంటదా? పంజరాల చుట్టు తాళ్లు కట్టి ఆలిచిప్పలు, సముద్రపు నాచు గూడ పెట్టిండు.

"చేపల పెంట చిప్పలు తింటయి, మిగిలింది నాచు గుంజుకుంటది. సముద్రానికి ఏం ఫికర్ లేదక్కా" అని ఫోన్ల చెప్పిండు. ఇగ పూలమ్మ ఆగుతదా! చేప కొననోళ్లను గూడ పిలిచి మరీ చెప్పింది. అందరికన్న ఎక్కువ నమ్మింది సుల్తానా బేగం. శుక్రవారం శుక్రవారం చేప కొనే మనిషి. తన కొడుకు తబ్రేజ్‌ను సెల్‌ఫోన్ల దుకాణంల పని మాన్పించి, హరికృష్ణ తోటి పంపుతాంది. ఆదివారమే రైలు.

ఆ శుక్రవారం హరికృష్ణ తన మొదటి చేపలు తానే పట్టుకొని వచ్చిండు, కొత్త అంగీ ఏసుకొని. పూలమ్మ మురుసుకుంట ఒక పండుగప్పను నీళ్లల ఇడిసింది. అడుగంత నల్ల బురద. బురద మీద తెల్లటి బూజు. ఎల్లెలకల పడి సచ్చిన పీత ఒకటి. మురిగిన గుడ్ల వాసన గుప్పున లేసింది.

"ఇదేందిర?" అన్నది పూలమ్మ.

హరికృష్ణ తల వంచిండు. "అన్నీ కలిపి పెంచుతున్న గద, అవే సాఫ్ చేసుకుంటయని చేపల్ని డబుల్ ఏసినక్కా. పంజరాలు గూడ జరపలే. చిప్పలు గూడ పెంట పెడ్తయని యాదికి రాలే."

"చేనును గూడ ఒక ఏడు బీడు పెడ్తం గదర!"

"నీకు దండం పెడ్త, నా పరువు తియ్యకు. అడుగు కనవడకుండ ఐసు పొయ్యి."

పూలమ్మ ఐసు పోసింది. అంతకుముందు ఆ టబ్బును ఆమె ఎన్నడూ కప్పలేదు.

అప్పుడే సుల్తానా బేగం ఆటో దిగింది, చేతుల స్టీలు డబ్బా. "సేమియా చేసిన. తిను బేటా. నా కొడుకును నీ చేతుల పెడ్తాన" అని హరికృష్ణకు ఇచ్చింది. టబ్బు దిక్కు చూడనన్న చూడలే. "ఒక మంచి చేప కొయ్యి పూలమ్మా. మనోని చేపకు అడుగు చూసుడేంది?"

పూలమ్మ కత్తి పట్టుకున్నది గని చెయ్యి లేవలే. సిగ్గుతోటి చెవులు కాలినయ్. చూసి ఛీ అన్నా బాగుండు, ఈ నమ్ముడే ఆమెను కోస్తాంది. కత్తి పక్కకు పెట్టి, రెండు చేతులతోటి ఐసు ఎత్తి రోడ్డు మీద పారబోసింది.

"చూసి కొను ఆపా."

సుల్తానా బేగం వంగింది. శానా సేపు చూసింది. హరికృష్ణ నోట్ల సేమియా నోట్లనే ఉన్నది.

"ఆగినవేంది బేటా, తిను" అన్నది ఆమె, మెల్లగ. చేప కొనకుండనే ఆటో ఎక్కింది. తిట్టినా బాగుండు అని అక్కతమ్ముడు ఇద్దరూ అనుకున్నరు.

తబ్రేజ్ రైలెక్కలే. హరికృష్ణ ఒక్కడే పోయి సగం చేపల్ని తీసేసిండు, పంజరాలను పారే నీళ్లున్న తావుకు జరిపి, ఆ పాత జాగను బీడు పెట్టిండు. సుల్తానా బేగం మళ్ల రాలే. ఆమె డబ్బా పూలమ్మ కాడనే ఉండిపోయింది. వేరేటోళ్లు ఇచ్చిన డబ్బాను ఉత్తగ ఎట్ల తిరిగిస్తరు? అందుల ఏదన్న పెట్టి ఇచ్చే మొఖం ఆమెకు లేదు. రోజూ తోముతది, బోర్లిస్తది, గంతే.

వానలు పోయినంక, ఆ పాత జాగల గాలమేసి పట్టిన చిన్న చేపను హరికృష్ణ ఐసుల పెట్టి పంపిండు. పూలమ్మ డబ్బాల నీళ్లు పోసి, చేపను అందుల ఏసి, మూత పెట్టి, సుల్తానా బేగం ఇంటికి పోయింది. గడప బయటనే నిలవడి, తల ఎత్తకుండ చేతికిచ్చింది.

సుల్తానా బేగం మూత తీసింది. అడుగు ఇంక నల్లగనే ఉన్నది. ఒక అంచుకు మాత్రం సన్నటి బొక్క. అందులకెళ్లి ఒక పురుగు తలకాయ బయటపెట్టి, అటు ఇటు చూసి, మళ్ల లోపలికి పోయింది.

ఆమె లోపలికి తిరిగి కేకేసింది.

"తబ్రేజ్! జర ఇటు రా. వచ్చి చూడు."